హామ్‌స్టర్ మురీ మిక్చర్‌లో ఉల్లిపాయలు తినేసింది, దయచేసి ఎవరైనా చెప్పండి

ఎంవీపీ_అమ్మ | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది ఎంవీపీ కాలనీ. మా బాబు ఎనిమిదో పుట్టినరోజుకి రెండు నెలల కిందట ఒక హామ్‌స్టర్, అదే బుజ్జి ఎలుకలా ఉండే పెంపుడు జంతువు, కొన్నాం, పేరు జున్ను. వీపు గోధుమరంగు, పొట్ట తెలుపు, సిరియన్ రకం అని షాపతను చెప్పాడు. ఈ సాయంత్రం ఆర్కే బీచ్ నుంచి వస్తూ మురీ మిక్చర్ కట్టించుకొచ్చాం. నేను వంటింట్లో ఉండగా మావాడు పొట్లంలోంచి గుప్పెడు తీసి దాని బోనులో పోసేశాడట, పాపం వాడికి తెలీదు, దానికీ ఇష్టమేమో అనుకున్నాడు. నేను చూసేసరికి మరమరాలు అక్కడే పడున్నాయి కానీ ఉల్లిపాయ ముక్క ఒక్కటీ లేదు, పల్లీలు కూడా లేవు. కారం, నిమ్మరసం అన్నీ కలిపినదే కదా. దాని బుగ్గలు రెండూ ఉబ్బిపోయి ఉన్నాయి. కొన్నప్పుడు "మనం తినేవన్నీ తింటుందమ్మా" అన్నారు షాపులో. ఇప్పుడు నెట్‌లో చూస్తే ఉల్లిపాయ విషం అని ఉంది. చేతులు ఆడటం లేదు. ఏం చేయాలి?

గాజువాక_హామీ | 9:19

ముందు బోనులో మిగిలిన మరమరాలన్నీ ఏరేయండి. బుగ్గల్లోది వేలితో లాగాలని మాత్రం చూడకండి, లోపలి చర్మం చాలా పల్చన, చిరిగితే అది ఇంకో పెద్ద సమస్య. బుగ్గలు ఉబ్బి ఉన్నాయంటే తిన్నట్టు కాదు, దాచుకున్నట్టు. అది పడుకునే చోటుకి వెళ్లి అక్కడ కక్కేస్తుంది, కాసేపు లైటు ఆర్పేసి వదిలేయండి. తర్వాత దాని గూడు తీసి బోనులో పరిచిన పొట్టు కింద వెతకండి, ఏమేం దొరికాయో ఒక్కొక్కటీ రాయండి. ఇంట్లో గ్రాముల్లో తూచే కాటా ఉంటే దాని బరువు కూడా చూడండి, రేపు పోల్చుకోడానికి.

సాగర్‌నగర్22 | 9:26

అంత టెన్షన్ పడకండి మేడమ్. మాది ఏడాదిన్నరగా ఉంది, పెరుగన్నం, పకోడీ, చిప్స్, ఇంట్లో ఏది ఉంటే అది పెడతాం, ఇప్పటిదాకా ఏమీ కాలేదు. నెట్‌లో అన్నీ భయపెట్టేలానే రాస్తారు.

పెందుర్తి_మాస్టారు | 9:41

సాగర్‌నగర్ తమ్ముడూ, ఆవిడకి ధైర్యం చెప్పాలనుకున్నావు, అది మంచిదే. కానీ ఒక్క లెక్క చూడు. ఎదిగిన సిరియన్ హామ్‌స్టర్ 100 నుంచి 150 గ్రాములు ఉంటుంది. 120 అనుకుందాం. మనిషి 60 కిలోలు అనుకుంటే దానికి 500 రెట్లు. అంటే అది 2 గ్రాముల ఉల్లిముక్క తింటే మనం ఒక్క పూటలో కిలో పచ్చి ఉల్లిపాయలు తిన్నట్టు. మనకి చిటికెడు అనిపించేది దానికి చిటికెడు కాదు. నేను ముప్పయ్యేళ్లు జీవశాస్త్రం చెప్పాను, పిల్లలకి ఈ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే ఒక్కసారికే అర్థమయ్యేది. డ్వార్ఫ్ అనే పొట్టి రకాలైతే చాలావరకు 50 గ్రాముల లోపే, వాటిలో రోబోరోవ్‌స్కీలు 20, 25 గ్రాములే ఉంటాయి. వాటికి ఈ లెక్క ఇంకా ఘోరం.

గరివిడి_వెట్ఫైనల్ | 9:58

గరివిడిలో వెటర్నరీ చదువుతున్నాను, ఇంకా డాక్టర్ని కాలేదు, ఇది గుర్తుపెట్టుకుని చదవండి అక్కా.

ఉల్లి, వెల్లుల్లి, ఉల్లికాడలు, ఈ జాతి అంతటిలోనూ సల్ఫర్ ఉన్న పదార్థాలుంటాయి, అవి ఎర్ర రక్తకణాలని పగలగొడతాయి. వండినా ఎండబెట్టినా పోవు, అందుకే వెల్లుల్లి కారం, మసాలా పొడి కూడా ప్రమాదమే. ఇందులో కష్టం ఏంటంటే తిన్న వెంటనే ఏమీ కనపడకపోవచ్చు. ఒకట్రెండు రోజులు మామూలుగా తిరిగి ఆ తర్వాత నీరసపడొచ్చు. చిగుళ్లు, కాళ్ల అడుగులు మామూలుగా గులాబీరంగులో ఉంటాయి కదా, అవి పాలిపోతున్నాయా, మూత్రం ముదురు రంగులో వస్తోందా, ఊపిరి గబగబా తీస్తోందా, ఈ మూడూ చూస్తూ ఉండండి.

ఉప్పునీళ్లో ఇంకోటో పట్టి వాంతి చేయించాలని మాత్రం చూడకండి. ఎలుక జాతికి వాంతి రాదు, శరీర నిర్మాణమే అంత. కుక్కకీ పిల్లికీ ఉండే ఆ దారి వీటికి లేదు. లోపలికి వెళ్లింది వెళ్లినట్టే.

ఎంవీపీ_అమ్మ | 10:34

మీ అందరికీ చాలా థాంక్స్. గాజువాక గారు చెప్పినట్టే లైటు ఆర్పి ఇరవై నిమిషాలు బయట కూర్చున్నాం. తర్వాత దాని చెక్క గూడు పైకెత్తి మా ఆయన ఫోన్ లైటు పట్టుకుంటే నేను చెంచాతో పొట్టు తోసి చూశాను. ఒక మూల గుంటలా చేసుకుని అన్నీ అక్కడ పెట్టుకుంది. ఉల్లిముక్కలు పదకొండు దొరికాయి, ఇంకా తడిగా, కారం అంటుకుని. రెండు ముక్కలకి చివర పళ్లగాట్లు ఉన్నాయి. పల్లీలు తొమ్మిది. వాటికింద పాతవి కూడా ఉన్నాయండి, నేను ఎప్పుడో వారం కిందట పెట్టిన బంగాళదుంప తొక్క ముద్దలా అయిపోయి వాసనొస్తోంది, కీరా ముక్క ఒకటి నల్లబడి ఉంది, పాత పల్లీలు నాలుగు, అందులో రెండింటికి బూడిదరంగు బూజు. నేను రోజూ గిన్నె ఖాళీ అవుతోంది, బాగా తింటోంది అని సంతోషపడుతున్నా. బరువు 118 గ్రాములు.

గాజువాక_హామీ | 10:47

పదకొండు బయటికి వచ్చేశాయంటే చాలావరకు లోపలికి పోలేదు. అది మంచి వార్త. నాకు ఇప్పుడు ఆ ఉల్లిపాయ కంటే ఆ బూజు పట్టిన పల్లీలే ఎక్కువ భయం.

ఐదేళ్లుగా పెంచుతున్నాను, నేను నేర్చుకున్నది ఇదొక్కటే, గిన్నె చూసి ఏం తిందో చెప్పలేం, గూడు కింద చూసి చెప్పాలి. జర్మన్‌లో దాచుకోవడం అనే అర్థం ఉన్న మాట కూడా దీని పేరు నుంచే వచ్చింది. మన వైజాగ్ గాలిలో తేమ మీకు తెలిసిందే కదా, వానాకాలంలో డబ్బాలో మూత పెట్టిన అప్పడాలే మెత్తబడిపోతాయి, ఇక మూత్రం పడే పొట్టు కింద పల్లీ ఎన్నాళ్లు బాగుంటుంది? పచ్చి కూర ఏది పెట్టినా రాత్రి పెట్టి పొద్దున్నే మిగిలింది తీసేయాలి. గూడు మొత్తం కడిగేయొద్దు, దాని వాసన పోతే బెదిరిపోతుంది, ఎండు గింజలు కొన్ని వదిలి పచ్చివీ పాడైనవీ మాత్రం తీయండి.

బంగాళదుంప పచ్చిది అసలు వద్దు. తొక్క ఆకుపచ్చగా మారినా మొలకలొచ్చినా అందులో సోలనిన్ ఉంటుంది, విషం. టమాటా ఆకులు, కాడలు కూడా అదే కోవ.

పెందుర్తి_మాస్టారు | 10:59

పల్లీల బూజు గురించి ఒక మాట. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకి పైగా టర్కీ కోళ్లు అంతుపట్టకుండా చచ్చిపోయాయి. చివరికి వెతికితే వాటి దాణాలో కలిపిన వేరుశనగ పిండికి బూజు పట్టి ఉందని తేలింది, ఆ బూజు నుంచి వచ్చే విషానికే తర్వాత అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. కాలేయాన్ని తింటుంది. వేయించినా పూర్తిగా పోదు. మనం ముక్కిపోయిన పల్లీ నోట్లో పడితే చేదుకి ఉమ్మేస్తాం, ఇది దాచిపెట్టుకుని మరీ తింటుంది. రంగు మారినదీ ముడుచుకుపోయినదీ ఒక్కటి కూడా పెట్టొద్దమ్మా.

అక్కయ్యపాలెం_చిన్ని | 11:10

నా దగ్గర డ్వార్ఫ్‌లు ఉన్నాయి, వీటికి తీపి అసలు పడదు, ముఖ్యంగా క్యాంప్‌బెల్ రకానికి షుగర్ వచ్చే గుణం ఎక్కువ. మా పెద్దదానికి రోజూ అరటిపండు, ద్రాక్ష పెట్టేదాన్ని, పండు మంచిదే కదా అని. నీళ్ల బాటిల్ రోజుకి రెండుసార్లు నింపాల్సి వస్తుంటే, పొట్టు ఎప్పుడూ తడిగా ఉంటుంటే అప్పుడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను, షుగర్ అన్నారు. పండ్లు, క్యారెట్ అన్నీ మానేశాను. ఇంట్లో బెల్లం, సింహాచలం అనాస, ఏది కోసినా అది కడ్డీల దగ్గరికి వచ్చి ముక్కు పెట్టి చూస్తుంది, అయినా పెట్టను. అనాస, నారింజ, నిమ్మ లాంటి పులుపు సిరియన్లకి కూడా మంచిది కాదు, నోరు పొక్కుతుంది, పొట్ట చెడుతుంది.

మద్దిలపాలెం_సుబ్బు | 11:32

బుగ్గల సంగతి వచ్చింది కాబట్టి మాకు జరిగింది చెప్తాను. కిందటి సంక్రాంతికి అత్తారింటి నుంచి మాడుగుల హల్వా వచ్చింది. మా చెల్లి గోరంత ముక్క మా గుండుగాడికి పెట్టింది. అది లటుక్కున బుగ్గలో వేసుకుంది. రెండో రోజుకి ఒక బుగ్గ దిగలేదు. అది ముందుకాళ్లతో బుగ్గని వెనక నుంచి ముందుకి తోసుకుంటూనే ఉంది, తోయడం, ఆగడం, మళ్లీ తోయడం. మూడో రోజు నోటి పక్క బొచ్చు తడిసి కంపు కొట్టింది. డాక్టరు మత్తిచ్చి గోరువెచ్చని నీళ్లతో కడిగి తీశారు, హల్వాకి పొట్టు, గింజలు అంటుకుని ఉండలా గట్టిపడిపోయింది. బతికాడు. అప్పట్నుంచి మా ఇంట్లో జిగురుగా ఉండేది ఏదీ వాడి గదిలోకి రాదు. హల్వా, పాకం ఉండలు, మెత్తటి అన్నం ముద్ద, పల్లీ వెన్న, పనస తొన, చాక్లెట్, అన్నీ అదే బాపతు. చాక్లెట్‌కైతే జిగురొక్కటే కాదు, అందులో ఉండేది గుండెకి కూడా విషం.

గట్టిగా మొనదేలి ఉండేవి కూడా అంతే, పచ్చి సేమియా, విరిగిన చిప్స్ ముక్క, బుగ్గలో గుచ్చుకుంటాయి.

ఎంవీపీ_అమ్మ | సోమవారం, ఉదయం 6:05

రాత్రంతా నిద్ర లేదు. ఇప్పుడు చూస్తే జున్ను తోక దగ్గర తడిగా ఉంది, విరేచనం నీళ్లలా అవుతోంది. ఒక మూల ముడుచుకుని కూర్చుంది, పిలిస్తే కళ్లు సగమే తెరుస్తోంది. బరువు 113. డాక్టర్లు పదింటికి గానీ రారు. మా బాబుకి కిందటి నెల గొంతునొప్పికి రాసిన అమాక్సిసిలిన్ సిరప్ ఇంట్లో ఉంది, ఒక్క చుక్క నీళ్లలో కలిపి పట్టనా? పిల్లల మందే కదా.

గరివిడి_వెట్ఫైనల్ | 6:11

అక్కా వద్దు. దయచేసి వద్దు. పెట్టకండి.

పెన్సిలిన్ జాతి మందులు, అంటే అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, ఇంకా క్లిండమైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్, ఇవి హామ్‌స్టర్‌ని చంపేస్తాయి. దాని పేగుల్లో ఉండే మంచి బాక్టీరియా ఈ మందులకి చచ్చిపోతుంది, ఆ ఖాళీలో క్లాస్ట్రిడియం డిఫిసిలీ అనేది పెరిగిపోయి విషం వదులుతుంది. మనుషుల్లో యాంటీబయాటిక్ వాడాక వచ్చే తీవ్రమైన విరేచనాలకి కూడా ఇదే కారణమని 1970లలో తెలుసుకున్నది హామ్‌స్టర్ల మీద చేసిన పరిశోధనల వల్లే. వాటికి అంత తేలిగ్గా వస్తుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది, వెచ్చగా, నిశ్శబ్దంగా ఉంచండి. బోనులోంచి పచ్చివన్నీ తీసేయండి. నీళ్లు బాటిల్ నుంచి తాగుతోందో లేదో చూడండి, తాగకపోతే చెంచా చివర ఒక్కో బొట్టు పెదవి దగ్గర పెట్టండి, నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పదిదాకా ఆగొద్దు, ఎనిమిది నుంచే ఫోన్లు చేయండి, కుక్కలూ పిల్లులూ కాకుండా కుందేళ్లు, హామ్‌స్టర్లు చూస్తారా అని ముందే అడగండి, అందరూ చూడరు. వీటికి విరేచనం అంటే ఒక్క రోజులో నీరంతా పోయే ప్రమాదం ఉంది.

కంచరపాలెం_కీర్తి | 6:40

ఇది చదువుతుంటే నా చేతులు వణికాయి. రెండేళ్ల కిందట నేను అదే పని చేశాను. మా చిట్టికి కాలి మీద పుండు అయితే ఇంట్లో ఉన్న అదే సిరప్ రెండు రోజులు పట్టాను. పుండు ఎండింది. ఐదో రోజు విరేచనాలు పట్టుకున్నాయి, ఆరో రోజు తెల్లారేసరికి పోయింది. నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. అక్కా ఆ సీసా ఇప్పుడే తీసి దూరంగా పెట్టేయండి. బాబు చేతికి కూడా అందకూడదు.

ఎంవీపీ_అమ్మ | సోమవారం, మధ్యాహ్నం 1:20

సిరప్ పట్టలేదు. కీర్తీ, నీ మాట చదివి సీసా మూత కూడా తీయలేదమ్మా.

నాలుగు చోట్ల ఫోన్ చేస్తే ఒక చోట రమ్మన్నారు. చెప్పుల డబ్బాకి చిల్లులు పొడిచి, దాని పాత పొట్టు కొంచెం వేసి ఆటోలో తీసుకెళ్లాను, వేడి తగలకుండా పైన తడిగుడ్డ పట్టుకున్నాను. డాక్టర్ గారు మెడ దగ్గర చర్మం రెండు వేళ్లతో పైకి లాగి వదిలి చూపించారు, అది వెంటనే వెనక్కి పోవాలి, నెమ్మదిగా పోయింది, అంటే నీరు తగ్గిపోయిందట. చర్మం కింద సెలైన్ ఎక్కించారు. చిగుళ్లు గులాబీగానే ఉన్నాయి, ఉల్లిపాయ దెబ్బ ప్రస్తుతానికి కనపడటం లేదు గానీ శుక్రవారం దాకా కనిపెట్టి ఉండమన్నారు. విరేచనానికి కుళ్లిన దుంప తొక్కే కారణం కావచ్చు, కారం కావచ్చు, పిల్ల హామ్‌స్టర్లకి వెట్ టెయిల్ అనే బాక్టీరియా జబ్బు కూడా వస్తుంది, దీని వయసుకి దాన్నీ కొట్టిపారేయలేం అన్నారు. హామ్‌స్టర్లకి సరిపడే మందు చుక్కల్లో రాసిచ్చారు.

మా బాబు ఆటోలో దారంతా డబ్బా ఒళ్లో పెట్టుకుని ఒక్క మాట మాట్లాడలేదు. వాడికి ఏం చెప్పాలో నాకు ఇంకా తెలియడం లేదు.

పెందుర్తి_మాస్టారు | 1:45

తప్పు చేశావని చెప్పకండమ్మా. కాటా ఇచ్చి రోజూ బరువు చూసి రాసే పని వాడికి అప్పజెప్పండి.

సాగర్‌నగర్22 | సోమవారం, రాత్రి 8:50

నిన్న నేను రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. గాజువాక గారి మాట చదివి మాదాని గూడు ఎత్తి చూశాను. పకోడీ ముక్కలు, చిప్స్, ఎండిపోయిన అన్నం, అన్నీ అక్కడే ఉన్నాయి, కొన్ని రాయిలా అయిపోయాయి, కొన్నింటికి బూజు. ఏడాదిన్నర ఏమీ కాలేదని చెప్పుకున్నాను కదా, అది తినలేదు అంతే. ఇంట్లో వాళ్లు మనం తినేది పెట్టకపోతే దానికి ఏం పెట్టాలి అంటున్నారు. ఎవరైనా చెప్తారా? రాజ్మా, బాదం పెట్టొచ్చా?

గాజువాక_హామీ | 9:25

తప్పేముంది, చాలామంది అలాగే పెంచుతారు. నేను మొదటిదాన్ని అలాగే పెంచాను.

రాజ్మా పచ్చిది నానబెట్టినా సరే వద్దు, అందులో ఉండే విషం గట్టిగా ఉడికిస్తేనే పోతుంది, మనుషులకే వాంతులు పట్టుకుంటాయి. బాదం మామూలు తీపిది చిన్న పలుకు ఎప్పుడైనా పర్లేదు, చేదు బాదం మాత్రం లోపలికి వెళ్లాక సయనైడ్ అవుతుంది, ఆపిల్ గింజలు కూడా అదే, ఆపిల్ పెట్టేటప్పుడు గింజలు తీసి పెట్టాలి. అవకాడో వద్దు. పాలు, చీజ్ వద్దు, వాటికి పడవు. ఉప్పూ నూనే మసాలా తగిలినది ఏదైనా వద్దు. పుచ్చకాయ లాంటి నీళ్ల పదార్థం ఎక్కువైతే విరేచనం పట్టుకుంటుంది. కాఫీ, టీ, మద్యం, ఇవి చెప్పక్కర్లేదు గానీ గ్లాసు కింద పెట్టి మర్చిపోయే ఇళ్లు ఉంటాయి.

పెట్టేది అంటే, హామ్‌స్టర్ల కోసం అమ్మే గింజల మేత అసలు తిండి. అది దొరకని రోజు నేను కొర్రలు, సజ్జలు, జొన్నలు, ఓట్లు కలిపి చెంచాడు పెడతాను. వారంలో రెండు రోజులు ఉడికించిన గుడ్డు తెల్లసొన గోరంత, లేదా ఉప్పు వేయకుండా ఉడికించిన కోడిమాంసం పోగు ఒకటి, దానికి మాంసకృత్తులు కూడా కావాలి. సీతమ్మధార రైతుబజార్‌లో కీరా, బ్రోకలీ తెచ్చి బాగా కడిగి మన బొటనవేలి గోరంత ముక్క. పొద్దుతిరుగుడు గింజలు రోజుకి ఒకట్రెండు చాలు, అవంటే వాటికి ప్రాణం, కొవ్వు ఎక్కువ. కొత్తది ఏది పెట్టినా ఒక్కటే పెట్టి రెండు రోజులు చూడండి, ఒకేసారి నాలుగు పెడితే ఏది పడలేదో ఎలా తెలుస్తుంది.

అక్కయ్యపాలెం_చిన్ని | 9:31

కుందేళ్లకి, పక్షులకి అమ్మే మిక్సులు కొన్నింట్లో బెల్లంపాకం పూత, రంగు గింజలు ఉంటాయి, ప్యాకెట్ వెనక చూసి కొనండి. డ్వార్ఫ్‌లకి అది అస్సలు వద్దు.

ఎంవీపీ_అమ్మ | శుక్రవారం, సాయంత్రం 6:15

ఇవాళ్టితో ఐదు రోజులు. మంగళవారం విరేచనం ఆగింది. బుధవారం రాత్రి రెండింటికి బోనులో జున్ను పరుగెత్తే చక్రం చప్పుడు వినపడితే మా ఆయనా నేనూ ఇద్దరం లేచి కూర్చున్నాం, అంతకుముందు ఆ చప్పుడుకి విసుక్కునేవాళ్లం. చిగుళ్లు, కాళ్లు మామూలుగానే ఉన్నాయి, డాక్టర్ గారు మళ్లీ చూసి ఇక భయం లేదన్నారు.

మాస్టారూ, మీరు చెప్పినట్టు బాబుకి పుస్తకం ఇచ్చాను. వాడి రాతలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా. సోమ 113. మంగళ 111. బుధ 112. గురు 115. శుక్ర 116, జున్ను గూడు కింద కొర్రలు ఉన్నాయి, కీరా లేదు, బూజు లేదు.